అల్మరాలో ఆఫిక్లైడ్

ఆగస్టు 29, 2010, ఆదివారం

మనీషా బాస్టన్ వెళ్ళి వారమైంది. నాకేం ఇబ్బంది లేదు. అన్నం వండుకుంటున్నాను, బట్టలు ఉతుక్కుంటున్నాను, ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను. ఇద్దరికి రెండు బాత్రూములు ఎందుకు, మా ఊరు పార్సిప్పనీలో అద్దెలు తక్కువా అని మొదట్లో సణిగేవాణ్ణి. ఇప్పుడు ఒక్కడికే రెండు. దర్జా.

తన సామానంతా కారులో పట్టింది, బూర తప్ప. అది అల్మరాలో నా కోట్ల వెనక నిలబడి ఉంది. "దానికోసం మళ్ళీ వస్తాను," అంది. దానికోసం అన్న మాట నిజమే. కానీ వస్తాను అని కూడా అంది కదా.

సెప్టెంబర్ 1

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు.

సెప్టెంబర్ 5, ఆదివారం

రేపు లేబర్ డే. మూడు రోజుల సెలవు ఏం చేసుకోవాలో తెలియక అల్మరా సర్దాను. అంటే కోట్లు అటు జరిపి, బూరని చూసి, కోట్లు ఇటు జరిపాను.

బూర అంటే తనకి ఒళ్ళు మండుతుంది. దాని పేరు ఆఫిక్లైడ్. నా నడుము దాటి పొడుగుంటుంది. ఇత్తడి గొట్టం కిందికి దిగి, మడత తిరిగి, వెడల్పవుతూ పైకొచ్చి నోరు తెరుచుకుంటుంది. ఒంటినిండా మీటలు. సాక్సఫోన్‌కి పెదనాన్నలా ఉంటుంది. ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో ఉండేదట, ఇప్పుడు మ్యూజియాల్లో ఉంది. ఒకటి మాత్రం మా అల్మరాలో ఉంది.

ఇక్కడే, ఎడిసన్‌లో పుట్టి పెరిగి, హైస్కూలు బ్యాండులో ఏదో వాయించి, బుద్ధిగా బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. ఐదేళ్ళ క్రితం పెన్సిల్వేనియాలో ఒక పాత సామాన్ల కొట్లో దీన్ని చూసింది, అంతే. పక్కింటివాళ్ళు కంప్లయింట్ చేశారని అల్మరాలో కూర్చుని, తలుపు వేసుకుని, కోట్ల మధ్య సాధన చేసేది. నేను హాల్లో టీవీ సౌండు పెంచుకునేవాణ్ణి. ఒక్కసారి తన కచేరీకి వెళ్ళలేదు. అంతమంది కలిసి వాయిస్తుంటే అందులో నీది ఏదో ఎలా తెలుస్తుంది అనేవాణ్ణి. అది హాస్యం అనుకున్నాను.

పాత వాద్యాలు నేర్పే కోర్సులో బాస్టన్‌లో సీటొచ్చింది. దాంతోపాటు పాత వాద్యాలతోనే వాయించే ఆర్కెస్ట్రాలో చోటు. "నువ్వు కూడా రా రఘూ. బాస్టన్‌లో సాఫ్ట్‌వేర్ లేదా?" అంది. "బూర కోసం ఊరు మారతామా?" అన్నాను. మర్నాడు అట్టపెట్టెలు తెచ్చింది.

సెప్టెంబర్ 12

మామగారు ఫోన్ చేశారు. గౌరీశంకర్ గారు డాక్టరుగా రిటైరైనా ఇప్పటికీ మనిషిని పరీక్ష చేస్తున్నట్టే మాట్లాడతారు.

"ఏమయ్యా, అమ్మాయి ఏం చేస్తోంది?"

"స్నానం చేస్తోందండీ మామయ్యగారూ. వచ్చాక చేయిస్తాను."

"గంట క్రితం నాకు బాస్టన్ నుంచి ఫోన్ చేసింది బాబూ. నువ్వు తింటున్నావో లేదో కనుక్కోమంది."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు సిగ్గుతో చచ్చాను. ఆ తరవాత ఎగిరి గంతెయ్యాలనిపించింది. కనుక్కోమందట!

సెప్టెంబర్ 19

అమ్మేద్దామా అని దాని ధర తెలుసుకోడానికి ఇంటర్నెట్‌లో కూర్చున్నాను. తను రాకపోతే పడి ఉండటం ఎందుకని. ధర చూడటం మరిచిపోయి చరిత్ర చదువుతూ మధ్యాహ్నమంతా గడిపేశాను.

దీనికి ముందు సర్పెంట్ అని ఒకటుండేదట. నల్లటి కర్ర, తోలు చుట్టిన పాములాంటి వాద్యం. చర్చిల్లో పాటకి తోడు వాయించేవారు. వేళ్ళతో మూయడానికి దానికి చిన్న బెజ్జాలే పెట్టగలరు కాబట్టి గొంతు బొంగురు. 1821లో పారిస్‌లో ఒకాయన ఇత్తడితో దీన్ని చేసి పేటెంట్ తీసుకున్నాడు. పెద్ద పెద్ద బెజ్జాలు, వాటి మీద మూతలు, మూతలకి మీటలు. ఆఫిక్లైడ్ అంటే గ్రీకులో మీటలున్న పాము. మీటలన్నీ మామూలుగా మూసే ఉంటాయి, నోటి దగ్గరున్న పెద్దది ఒక్కటి తెరిచి ఉంటుంది. ఇన్నేళ్ళు మా ఇంట్లో ఉన్నా నాకీ సంగతి తెలియదు. వెళ్ళి చూశాను. నిజమే.

పెద్ద పెద్ద సంగీతకర్తలు దీనికోసం రాశారు. పదిహేనేళ్ళు తిరక్కుండా జర్మనీలో ట్యూబా అనే ఇంకో ఇత్తడి బూర పుట్టింది. దానికి గొంతు పెద్దది, ఎక్కువ గాలి లాగినా నిబ్బరంగా పలుకుతుంది. మెల్లమెల్లగా ఆఫిక్లైడ్ కుర్చీలో అది కూర్చుంది. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆఫిక్లైడ్ పని అయిపోయింది. పాత స్వరలిపుల మీద మాత్రం ఇప్పటికీ ఆఫిక్లైడ్ అనే అచ్చై ఉంటుందట. ఆ కాగితం ముందు పెట్టుకుని ట్యూబావాడు వాయిస్తాడు. చదువుతుంటే ఆ ట్యూబావాడి మీద ఒళ్ళు మండింది. మధ్యలో నాకెందుకో.

ఇంకో చోట, పాత ఇత్తడి వాద్యాల రంగు పోగొట్టకూడదని, మూతల కింద తోలుకి తడి తగలకూడదని ఏదో రాసి ఉంది. అప్పటికి ఆకలేసి లేచిపోయాను.

అక్టోబర్ 3, ఆదివారం

మెయిల్ వచ్చింది! నవంబర్‌లో కచేరీ ఉందట. స్కూలువాళ్ళు వాడుకోమని ఇచ్చిన ఆఫిక్లైడ్ వాళ్ళ మ్యూజియంది, భవనం దాటనివ్వరు. అందుకని తనది కావాలి. 23, శనివారం వచ్చి తీసుకెళ్తుంది.

మూడు వాక్యాల మెయిల్. కొరియర్‌లో పంపమని అడగొచ్చు కదా? అడగలేదు. నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వస్తోంది. నేను వెర్రివాణ్ణి కాదు, నాకర్థమవుతుంది.

అక్టోబర్ 9

కింది ఫ్లోర్‌లో కోటేశ్వరరావు వాళ్ళింట్లో ఏటా దసరాకి ఆయుధపూజ. చుట్టుపక్కల మన కన్సల్టెంట్లంతా లాప్‌టాప్‌లు, కారు తాళాలు తెచ్చి అమ్మవారి ముందు పెడతారు. ఆయన భార్య పద్మ అందరికీ కుంకుమ బొట్లు పెడుతుంది, మనుషులకీ యంత్రాలకీ. ఈసారి నేనేం తెస్తానని అడిగింది. లాప్‌టాప్ ఆఫీసువాళ్ళది, దానికి పూజ చేయడం దండగ. మనీషా బూర తెస్తానన్నాను. ఎలాగూ రెండు వారాల్లో వస్తోందిగా అని కూడా అన్నాను. ఆవిడ ముఖం చూస్తే ఎంత సంతోషపడిందో.

"అయితే బాగా తోమి తీసుకురండి అన్నయ్యగారూ," అంది.

అక్టోబర్ 16, శనివారం

చేతులు నొప్పెడుతున్నాయి. హాయిగా ఉంది.

ఐసెలిన్ వెళ్ళి ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్లలో చింతపండు, కల్లుప్పు తెచ్చాను. బాత్‌టబ్‌లో బూరని పడుకోబెట్టాను. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమేది గుర్తుతెచ్చుకుని, నానిన చింతపండు గుజ్జు పట్టించి, ఉప్పు వేసి, పాత టూత్ బ్రష్‌తో మీటల సందులన్నీ రుద్దాను. ఇన్నేళ్ళ మురికి! ముదురు గోధుమరంగు గుజ్జు కారిపోయి, అడుగున్న ఇత్తడి పచ్చగా బయటపడుతుంటే ఆపబుద్ధి కాలేదు. నోట్లోంచి నీళ్ళు పోస్తే రెండో చివరనుంచి నల్లగా వచ్చాయి. తెల్లగా వచ్చేదాకా పోశాను. తరవాత తన హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టాను. అది కూడా మరిచిపోయి వెళ్ళింది.

దాని పెట్టె తెరిచి తను చూసే క్షణాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నానో రాయను.

అక్టోబర్ 17, ఆదివారం, దసరా

అమ్మవారి పక్కన పది లాప్‌టాపులు, మధ్యలో మనీషా ఆఫిక్లైడ్. నోటి అంచున పసుపు, ప్రతి మీటకీ ఒక కుంకుమ బొట్టు. "ఇంత పెద్ద చెంబు ఎక్కడ కొన్నావు బాసూ?" అన్నాడు కోటేశ్వరరావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హారతి ఇస్తున్నప్పుడు దాని ఒంటిమీద దీపాలు కనిపించాయి. కళ్ళు మూసుకుని ఏం కోరుకున్నానో అమ్మవారికి తెలుసు.

అక్టోబర్ 20

బూర పెట్టె తెరిస్తే తడిసిన తోలుచెప్పుల వాసన. ఒక మీట నొక్కితే కిందికి పోయింది, మళ్ళీ పైకి రాలేదు. వేలితో లేపాను. చలి మొదలైంది కదా, బిగుసుకుని ఉంటుంది.

అక్టోబర్ 21

ఇంకో రెండు మీటలు. చలే.

అక్టోబర్ 23, శనివారం

పదకొండింటికి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బాగుంది అనబోయి, ట్రాఫిక్ ఉందా అన్నాను. మిగిలిన చింతపండుతో పులిహోర చేసి పెట్టాను. ఇల్లంతా పోపు వాసన.

"స్మెల్స్ గుడ్," అంది. తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళింది. నేను ఎదురుగా నిలబడ్డాను, ముఖం బాగా కనిపించేలా.

మూత తీసింది.

"ఏం చేశావ్ దీన్ని?"

"తోమాను."

"దేంతో?"

"చింతపండుతో."

పకపకా నవ్వింది. నేను కూడా నవ్వడం మొదలుపెట్టేసరికి తన నవ్వు ఆగిపోయింది. "ఆ కలర్ వన్ హండ్రెడ్ సిక్స్‌టీ ఇయర్స్‌ది రఘూ. మేకర్ పేరు ఇక్కడ ఉండేది. చూడు, సగం లేదు." తరవాత భయపడుతూ అడిగింది, "నీళ్ళలో పెట్టావా?"

"లోపల కూడా కడిగాను," అన్నాను. ఆ మాటలో ఇంకా కాస్త గర్వం ఉంది, ఎంత బుద్ధిలేనివాణ్ణో.

ఒక మీట నొక్కింది. మూత కింద అతికించిన తోలుబిళ్ళ ఊడి కార్పెట్ మీద పడింది. రెండోది నొక్కితే రాలేదు. కిందున్న స్ప్రింగు తుప్పు పట్టింది. మనీషా నేలమీద చతికిలపడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, దగ్గరికి వెళ్ళడానికి ఒక సాకు దొరికేది.

"ఫోర్ వీక్స్‌లో కాన్సర్ట్. వాళ్ళు నా కోసం ట్యూబా ఆయన్ని వద్దన్నారు. నేను వాయించకపోతే ఆయన్నే పిలుస్తారు."

"నాకు తెలియదు మనీషా. నిజంగా తెలియదు."

తెలియకపోవడమేమిటి, చదివాను కదా. తడి తగలకూడదని ఈ డైరీలోనే ఉంది. చింతపండు కలుపుతున్నప్పుడు అది గుర్తుకు రాలేదన్నది ఒట్టు. ఎందుకు రాలేదో మాత్రం ఆలోచించదలుచుకోలేదు.

తరవాత తనే లేచి స్క్రూ డ్రైవర్ అడిగింది. ఇద్దరం నేలమీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాం. తను మీటలు విప్పి ఇస్తుంటే నేను వరసలో పెట్టాను. తోలుబిళ్ళల్ని లక్కతో అతికిస్తారట. లక్కని వేడి చేసి, కత్తి మొనతో లేపి, ఊడదీయడం నేర్పింది. ఒకదాన్ని చింపేశాను, తిట్టింది. ఇంకోదాన్ని చింపకుండా తీశాను, ఏమీ అనలేదు. తల వంచుకుని పని చేస్తుంటే మెడ వెనక కత్తిరించిన జుట్టు కనిపిస్తోంది. ఈ ఐదేళ్ళలో మేం ఇంతసేపు ఒకే పని మీద కూర్చోలేదు. ఆఫిక్లైడ్ ఒళ్ళంతా విడిపోయి పడి ఉంది, తన కచేరీ పోయేలా ఉంది, నాకు మాత్రం ఇంత సంతోషం ఎక్కడిదో!

"ఇదేంటి, ఇది కూడా తుప్పా?" అని ఒక మీట కీలు వెలుతుర్లో పెట్టి చూసింది.

"కుంకుమ. దసరాకి పూజ చేశాం."

"దీనికా?"

"దానికే."

కాసేపు నన్నే చూసింది. నీకోసమే, నువ్వు వెళ్ళిపోకూడదనే అని చెప్పాల్సింది. వరసలో తరవాతి మీట అందుకున్నాను. ఆ కుంకుమని మాత్రం తుడవలేదు తను. అలాగే గుడ్డలో చుట్టి పెట్టుకుంది.

పులిహోర తింటూ, "ఇది సేమ్ చింతపండా?" అంది. అవునన్నాను. రెండోసారి పెట్టుకుంది.

ఇంకా వెలుతురు ఉండగానే బయల్దేరింది. గొట్టాన్ని నేనే మోసుకెళ్ళి ముందుసీట్లో పెట్టి బెల్టు బిగించాను. అప్పుడడిగాను.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఇంక ఏం లేదు కదా రఘూ ఇక్కడ, తీసుకెళ్ళడానికి." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే పోట్లాడేవాణ్ణి.

అక్టోబర్ 24

అల్మరాలో కోట్లే ఉన్నాయి.

అక్టోబర్ 31

ఇవాళ ఇక్కడివాళ్ళ దెయ్యాల పండగ, పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిల కోసం తలుపు కొట్టారు. ఇవ్వడానికి చాక్లెట్లు కొనలేదు. అరటిపండ్లిస్తే పుచ్చుకుని జాలిగా చూశారు.

సాయంత్రం అల్మరాలో కూర్చుని చూశాను. తను కూర్చునే చోటే. కోట్లు ముఖానికి తగులుతున్నాయి, ఊపిరాడదు. ఇందులో ఐదేళ్ళు ఎలా వాయించింది? తలుపు తెరిచి వాయించుకో, పక్కింటివాళ్ళతో నేను మాట్లాడతాను అని ఒక్కసారైనా అనలేదు నేను.

నవంబర్ 10

మెయిల్. "కొత్త తోలు వేశాను. స్ప్రింగ్స్ మార్చాను. ఒక్క నోట్ కొంచెం లీక్, మేనేజ్ చేస్తా. అందరూ ఎందుకింత షైనీ అని అడుగుతున్నారు. కాన్సర్ట్ 20న, మూడు గంటలకి. ఎఫ్‌వైఐ."

కోటేశ్వరరావుకి చూపించాను. "ఎఫ్‌వైఐ అంటే ఊరికే తెలియజేయడం బాసూ. రమ్మని కాదు," అన్నాడు.

"రావద్దని కూడా కాదు," అంది పద్మ వంటింట్లోంచి.

నవంబర్ 14

వెళ్ళను. వెళ్ళి ఏమని చెప్పాలి?

నవంబర్ 20, శనివారం, బాస్టన్

వెళ్ళాను. మోటెల్ గదిలో కూర్చుని రాస్తున్నాను.

హాలు చిన్నది, పాత చర్చి. వెనక వరసలో టికెట్ దొరికింది. మనీషా ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇత్తడి వాద్యాలన్నీ మాసిన రాగి డబ్బుల రంగులో ఉంటే, వాటి మధ్య ఒక్కటే ధగధగా మెరిసిపోతోంది. నా పక్కావిడ వాళ్ళాయనకి దాన్ని వేలితో చూపించింది. సిగ్గేసింది. నేనే తోమానని చెప్పాలని కూడా అనిపించింది.

వయొలిన్లు మొదలుపెట్టాయి. మనీషా వాయించలేదు. ఫ్లూట్లు వచ్చాయి, పోయాయి. అయినా వాయించలేదు. ఆఫిక్లైడ్‌ని ఒళ్ళో నిలబెట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది. ఇంత దూరం వచ్చి, ఇంత చేసి, వాళ్ళ పనిలో ఎక్కువ భాగం ఇలా తమ వంతు కోసం కూర్చోవడమేనని నాకు తెలియదు. ఒకసారి ఎత్తి పెదవుల దగ్గర పెట్టుకుని మళ్ళీ దించింది. లీకు అవుతోందేమో, నావల్ల పాడైపోయిందేమో.

అప్పుడు వాయించింది. అందరితో కలిసే, కానీ తనది ఏదో తెలిసింది. ట్రాంబోన్లలా కోసుకుని రాదు ఆ శబ్దం. పక్కగదిలో ఒక మనిషి పని చేసుకుంటూ తనలో తను పాడుకుంటున్నట్టుంది. మా ఇంట్లో మూసిన తలుపు వెనకనుంచి ఐదేళ్ళు వచ్చింది ఇదే. తలుపు తీస్తే ఇలా ఉంటుందని నాకు ఇవాళ తెలిసింది. ఏడుపు ఆగలేదు. పక్కావిడ కాగితపు రుమాలు ఇచ్చింది.

అయిపోయాక పక్క గుమ్మం దగ్గర నిలబడ్డాను. పెట్టె భుజాన వేసుకుని వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"వచ్చావా?"

"వచ్చాను. బాస్టన్ వచ్చేస్తాను మనీషా. ఉద్యోగం ఇక్కడ చూసుకుంటాను. రానా?"

మూడు నెలలుగా ఎప్పుడొస్తావనే అడిగాను, డైరీలోనూ బయటా. నేను రానా అని అడగడం ఇదే మొదలు. పెట్టె కిందికి దించింది.

"నువ్వు వచ్చి ఏం చేస్తావ్ రఘూ?"

దారంతా చాలా మాటలు తయారు చేసుకున్నాను. క్షమాపణ, అద్దె లెక్కలు, మామగారి ప్రసక్తి. ఒక్కటీ రాలేదు.

"వింటాను," అన్నాను.

తల తిప్పుకుని వీధివైపు చూసింది. కళ్ళు తుడుచుకుందో, చలిగాలికి ముక్కు తుడుచుకుందో. తరవాత, పక్కింటివాళ్ళతో మాట్లాడినంత మామూలుగా చెప్పింది.

"రేపు పదింటికి నెక్స్ట్ కాన్సర్ట్‌కి రిహార్సల్ ఉంది, ఇక్కడే. బయటివాళ్ళని రానివ్వరు, నేను చెప్తాలే. డోర్ దగ్గర కూర్చో. మాట్లాడొద్దు."

నవంబర్ 21, ఆదివారం

పదికి ముందే వెళ్ళాను. తలుపు దగ్గర కుర్చీ లేదు. నిలబడ్డాను.